గట్టిపడేలోపు విన్న మాట

పొట్నూరు గౌరీశంకర్‌గారు నాకు పరిచయం కావడానికి మూడేళ్ళ ముందే ఆయన గొంతు పరిచయమైంది. విశాఖపట్నంలో మా ప్రయోగశాలకు వెళ్ళే బస్సులో ప్రతి సోమవారం ఆయన పాడ్‌కాస్ట్ ‘సైటు కబుర్లు’ వినేదాన్ని. ఇళ్ళూ వంతెనలూ కట్టేవాళ్ళ కోసం నడిపే కార్యక్రమం అది. ఎండాకాలంలో శ్లాబు ఎలా తడపాలి, సముద్రపు ఇసుక ఎందుకు వాడకూడదు, తట్టలు మోసే ఆడవాళ్ళకి సైటులో మరుగుదొడ్డి ఎందుకు ఉండదు... ఇలాంటి సంగతులు మాట్లాడేవారు. ఎదురుగా మేస్త్రీ కూర్చున్నా పెద్ద బిల్డరు కూర్చున్నా ఒకే మర్యాద. ఏ విషయం ఎత్తుకున్నా మధ్యలో ఎక్కడో ఒకచోట కొత్త ఇంజినీర్లకి ఒక మాట చెప్పేవారు: “నోటితో ఆర్డరు ఇవ్వకండి. కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.” మంచి అలవాటు నేర్పుతున్నారు అనుకునేదాన్ని.

ఆయనే ఒకరోజు ఫోన్ చేశారు.

“ఇందుమతిగారేనా అండీ? కాంక్రీటుకి చెవులున్నాయని కనిపెట్టింది మీరేనట కదా. మా ప్రోగ్రాంకి రావాలి మీరు.”

గోపాలపట్నంలో వాళ్ళ ఇంటి వెనక గదే ఆయన స్టూడియో. బయటి చప్పుడు రాకుండా నాలుగు గోడలకీ పాత బొంతలు వేలాడదీసి ఉన్నాయి. ఆయన భార్య హైమవతిగారు మజ్జిగ ఇచ్చి, పక్కింటివాళ్ళ మోటారు ఆపించడానికి వెళ్ళారు. గౌరీశంకర్‌గారికి యాభై రెండేళ్ళు ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, కుర్చీ అంచున కూర్చునే మనిషి. వెళ్ళిన గంట దాకా రికార్డింగే మొదలుపెట్టలేదు. మా నాన్న ఏం చేసేవారు, నాకు సిమెంటు మీద ఎందుకు ఆసక్తి కలిగింది, ప్రయోగం ఫలించిన రోజు ముందుగా ఎవరికి చెప్పాను, అన్నీ అడిగారు.

“ముందు మనిషి తెలియాలండీ. మెషీను సంగతి ఎవరైనా చెప్తారు” అన్నారు.

“మరి మీ గురించి?” అన్నాను. “సైట్లలో పదకొండేళ్ళు చేశారు కదా. ఎందుకు మానేశారు?”

“మోకాళ్ళు” అని నవ్వి మైకు సరిచేసుకున్నారు.

మా పరిశోధన గురించి ఆయన శ్రోతలకు నేను చెప్పింది ఇదే. పోసిన కాంక్రీటు ఒక్కసారిగా రాయి కాదు. మూడో గంట నుంచి ఏడో గంట దాకా దాని లోపల సూదుల్లాంటి స్ఫటికాలు పొరమీద పొరగా పెరుగుతాయి. ఆ వేళలో పక్కన ఎవరు మాట్లాడినా, ఆ శబ్దానికి లోపలి ఇనుప చువ్వ అతి సన్నగా అదురుతుంది. ఆ అదురు చువ్వకి ఆనుకున్న పొరల్లో ముద్రపడుతుంది. తర్వాత అంతా గట్టిపడి, ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది. స్తంభంలోంచి చువ్వతో సహా ఒక ముక్క తొలిచి తీసి, కాగితాల్లా పలచగా కోసి, ఒక్కో పొరనూ చదివితే ఆ నాలుగు గంటల చప్పుడు మళ్ళీ పుడుతుంది.

మాటలతో కంటే వినిపించడమే మేలని, కూల్చేసిన ఒక పాత బస్సు షెల్టరు ముక్కలోంచి తీసిన శబ్దం పెట్టాను. ముప్పయ్యేళ్ళనాటిది. గరగరల మధ్య ఒక ఆడమనిషి, ఒకటికి బదులు లాభం అంటూ, తట్టలు లెక్కపెడుతోంది: “లాభం... రెండు... మూడు...” తర్వాత ఎవరో ఏదో అన్నారు. ఆమె పకపకా నవ్వింది.

గౌరీశంకర్‌గారు నవ్వలేదు. రాసుకున్న ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశారు.

“మాట ఎవరిదో గుర్తుపట్టగలమా అండీ?”

“దగ్గరివాళ్ళయితే గుర్తుపడతారు.”

“ఎంత పాతదైనా?”

“పగలగొట్టనంతవరకూ ఉంటుంది.”

ఆయన చెయ్యి చాచి రికార్డింగ్ ఆపేశారు. ఒంట్లో బాగాలేదనీ, మిగతాది మరోసారి చేద్దామనీ అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు.

*

నాలుగు రోజుల తర్వాత ముందుగా చెప్పకుండా మా ల్యాబుకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.

పందొమ్మిదేళ్ళ కిందట ఆయన నగరం అంచున ఒక అపార్టుమెంటు కడుతున్న సైటులో ఇంజినీరు. బోనెల అప్పన్న అక్కడ సెంట్రింగ్ మేస్త్రీ. శ్లాబు గట్టిపడేదాకా దాన్ని మోసే కర్రలు నిలబెట్టడం, తర్వాత తీయించడం అతని పని. మొదటి అంతస్తు శ్లాబు పోసి తొమ్మిది రోజులే అయింది. ఇంకా కనీసం వారమైనా ఆ కర్రలు కదపకూడదు. మంగళవారం నాటికి కర్రలు లేవు. గురువారం ఆ శ్లాబు మీదకి ఇటుకలూ సిమెంటు బస్తాలూ ఎక్కించారు. కూలిపోయింది. కింద నలుగురు చచ్చిపోయారు.

“అప్పన్న నేనే తీయమన్నానని చెప్పాడు. నేను ఆగమన్నానని చెప్పాను. కాగితం ఏదీ లేదు. కోర్టు నన్ను నమ్మింది. అతనికి రెండేళ్ళు పడింది. బయటికొచ్చాక పని ఇచ్చినవాడు లేడు. ఏడేళ్ళ కిందట పోయాడు.”

“మీరు నిజంగా ఆగమన్నారా?” అని అడిగాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు.

“ఆగు అన్నానండీ. నా నోట్లోంచి ఆ మాట రావడం నాకిప్పటికీ వినపడుతుంది. ఒట్టేసి చెప్పగలను. కానీ ఎన్నేళ్ళ నుంచో ఆ మాట వెనకాల ఇంకేదో ఉన్నట్టు అనిపిస్తోంది. గుర్తు చేసుకుందామని పోతే అక్కడ ఏమీ ఉండదు. రాసివ్వండి, రాసివ్వండి అని అందరికీ చెప్తూ ఉంటాను కదా... అది ఇందుకే.”

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది సోమవారం, భోజనాల వేళకి కాస్త ముందు. అదే రోజు పొద్దున్న ఎనిమిదింటికి రెండో అంతస్తు మెట్ల పక్క పిల్లరు పోశారు. దాని పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. కూలిన భాగం రెండో వైపుది. మెట్ల వైపు చెక్కుచెదరలేదు. తర్వాత ఎవరో కొని మిగతాది కట్టేశారు. ఇప్పుడు అందులో ఇరవై కుటుంబాలు ఉంటున్నాయి. పిల్లరు మెట్ల మలుపులోనే ఉంది.

నేను వేళ్ళ మీద లెక్కవేశాను. ఎనిమిది నుంచి నాలుగో గంట. కాంక్రీటు వింటున్న సమయమే.

“ఒకసారి విన్నాక వినకముందుకి వెళ్ళలేం గౌరీశంకర్‌గారూ” అన్నాను.

“తెలుసు. ఒక్క షరతు అండీ. మీరు ముందుగా వినకూడదు. నేనూ వినకూడదు. అప్పన్న పెళ్ళాం నరసమ్మ ఉంది. ఆవిడ పక్కన ఉన్నప్పుడే పెట్టాలి. నేను ముందు విన్నానంటే ఏదో ఒక కారణం చెప్పి దాచేస్తాను. నా సంగతి నాకు తెలుసు.”

*

అపార్టుమెంటు సంఘంవాళ్ళు ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. పిల్లరు బలానికి ఏమీ కాదని నేను రాసిచ్చాను. ఒక ఆదివారం ఉదయం గ్లాసంత లావు ముక్క తొలిచి, ఆ చోటు అంతకంటే గట్టి మిశ్రమంతో పూడ్చేశాం. గౌరీశంకర్‌గారు కింది మెట్టు మీద కూర్చున్నారు. డ్రిల్లు తిరిగినంతసేపూ తల ఎత్తలేదు.

ముక్కని పొరలుగా కోసి చదవడానికి పదకొండు రోజులు కావాలి. యంత్రమే ఎక్కడెక్కడ మనిషి గొంతు ఉందో గీతలు గీసి చూపిస్తుంది. గీతలు చూసేదాన్ని కానీ, మాట ప్రకారం చెవి పెట్టలేదు.

తొమ్మిదో రోజు హైమవతిగారు ఫోన్ చేశారు.

“డాక్టరమ్మా, ఈయనకి చెప్పకండి నేను చేశానని. ఆ ముక్క పాడైపోయిందని చెప్పెయ్యండి. మీరు చెప్తే నమ్ముతారు.”

ఎందుకని అడిగాను.

“ఆ మనిషి ఇప్పుడు మంచివాడమ్మా. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నాను. సైటులో ఎవడికైనా దెబ్బ తగిలిందంటే తిండి మానేసి ఆసుపత్రికి పరిగెడతారు. ఇప్పుడు ఆయన చెడ్డవాడని తేలితే ఎవరికి లాభం? పోయినవాళ్ళు వస్తారా?”

“అది చెప్పాల్సింది నేను కాదండీ. నరసమ్మగారు” అన్నాను.

“అవును” అని పెట్టేశారామె.

ఆ సాయంత్రం యంత్రం ముందు కూర్చుని నాలో నేనే కొట్టుమిట్టాడాను. ఒక మీట నొక్కితే ఆ తొమ్మిది రోజుల పని చెరిగిపోతుంది. అంతవరకూ నేను కనిపెట్టింది ఒక వింత. బస్సు షెల్టరులో నవ్వు వినిపించి చప్పట్లు కొట్టించుకునే వింత. మనుషులు తమకు అనువుగా మరిచిపోయి బతికే హక్కుని అది లాగేసుకుంటుందని అంతకుముందు నాకు తట్టలేదు.

నొక్కలేదు. ధైర్యం ఉండి కాదు. అప్పన్న కోర్టులో ఒక్కడే నిలబడి చెప్పి ఉంటాడు కదా అనిపించి.

*

నరసమ్మ కొమ్మాదిలో ఒక సైటు నుంచి నేరుగా వచ్చింది. యాభై అయిదు దాటినా ఇంకా తట్ట మోస్తూనే ఉంది. జుట్టులో సిమెంటు దుమ్ము, మెడకి చుట్టుకున్న తువ్వాలు. గౌరీశంకర్‌గారు లేచి నిలబడ్డారు.

“కూర్చోండి నరసమ్మగారూ.”

“గారేటి బాబూ కొత్తగా” అంది ఆమె. కోపంగా అనలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. “ఏటో వినిపిత్తానన్నారట. వినిపించండి.”

ఏం వినబోతున్నామో చెప్పి, ఆ శబ్దం పెట్టాను.

ముందు, పక్క పిల్లరులో కాంక్రీటు కుదించే వైబ్రేటర్ హోరు. తర్వాత తట్టలు గుమ్మరిస్తున్న చప్పుడు. ఎవరో దగ్గారు. ఆపైన ఒక మగ గొంతు, బొంగురుగా, నెమ్మదిగా:

“బాబూ, కింద శ్లాబు కర్రలు పక్క బ్లాకోళ్ళు అడుగుతన్నారు. తీసీమంటారేటి?”

నరసమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత పలచటి కుర్ర గొంతు. తొందరగా.

“ఆగు.”

గౌరీశంకర్‌గారు కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలారు. నరసమ్మ తల వాలిపోయింది. అయిపోయిందనుకుని నేను ఆపబోయాను. తెర మీద గీత ఇంకా కదులుతూనే ఉంది.

“ఆగవయ్యా, ఇప్పుడెందుకు, మనుషులు ఆకలి మీద ఉన్నారు. అన్నాలు తిన్నాక తీయించు.”

“తొమ్మిది రోజులే కద బాబూ అయింది. పరవానేదేటి?”

“ఏం కాదు. సిమెంటు మంచిదే. తీయించు.”

“అలాగే బాబూ.”

తర్వాత మళ్ళీ వైబ్రేటర్ హోరు. నేను ఆపేశాను.

గౌరీశంకర్‌గారు అలాగే కూర్చుని ఉన్నారు. పెదవులు మాత్రం కదిలాయి. “అన్నాలు తిన్నాక... అన్నాలు తిన్నాక...” అని తనలో తనే అనుకున్నారు. పందొమ్మిదేళ్ళుగా ఆయన దాచుకున్నది అబద్ధం కాదు. నిజంలోంచి తుంచుకున్న మొదటి ముక్క.

“మళ్ళీ ఒకసారి ఎట్టండమ్మా” అంది నరసమ్మ.

మొదటి నుంచి పెట్టబోయాను.

“అదంతా వద్దమ్మా. సివర్న ‘అలాగే బాబూ’ అన్నాడు సూడండి. అదొక్కటీ.”

పెట్టాను. మళ్ళీ అడిగింది. నాలుగుసార్లు పెట్టాను. అయిదోసారి అడగలేదు. తువ్వాలుతో ముఖమంతా తుడుచుకుంది.

“జైల్లోంచి వొచ్చాక ఆడు గొంతెత్తి మాటాడనేదు. నాకు ఆడి గొంతే మర్సిపోయింది” అంది. “కోర్టోళ్ళు నమ్మనేదంటే ఆళ్ళకి ఆడెవడో తెల్దు. నాను నమ్మనేదు బాబూ. నిజం సెప్పు, ఇంజినీరు బాబు సెప్పకుండా నువ్వే తీయించీసావు కదా అని రోజూ అడిగినాను. కూడు పెడతా అడిగినాను. మొదట్లో కాదనీవోడు. తరవాత తరవాత ఏటీ అనీవోడు కాదు. తలొంచుకుని తినీసి లెగిసిపోయీవోడు.”

గౌరీశంకర్‌గారు కుర్చీలోంచి దిగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డారు. ఆమె పాదాలు వెనక్కి లాగేసుకుంది.

“నా కాళ్ళెందుకు? నానూ మీ కూడానే ఉన్నాను కదా. లెగండి.” మళ్ళీ తనే అంది: “ఆ శ్లాబు కింద పోయినోళ్ళలో నా తమ్ముడున్నాడు. నా మొగుడే సంపీసినాడని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను గడప ఎక్కనివ్వనేదు. ఆవిడ సచ్చిపోతే మావోళ్ళు మొహం సూడనివ్వనేదు. తమ్ముడి పెళ్ళాం, మా మరదలు ఉంది. రండి, మా ఊరొచ్చి ఆళ్ళకి సెప్పండి. ఈ పెట్టెలో మాట ఒద్దు. మీ నోటితో సెప్పండి.”

*

ఆ తర్వాత జరిగినవి చాలామందికి తెలిసినవే. గౌరీశంకర్‌గారు ఆ సంభాషణని ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా తన కార్యక్రమంలో వినిపించారు. పోలీసులకు లొంగిపోయి, పాత కేసు మళ్ళీ విచారించమని కోర్టులో అర్జీ పెట్టారు. ప్రకటనలిచ్చేవాళ్ళు తప్పుకున్నారు. ‘సైటు కబుర్లు’ ఆగిపోయింది. హైమవతిగారు ఆ ఇంట్లోనే ఉన్నారు, ఆయన్ని చూడటానికి వారం వారం జైలుకి వెళ్తున్నారు. మా ల్యాబుకి రోజూ ఉత్తరాలు వస్తున్నాయి. చనిపోయిన తల్లి గొంతు కావాలనేవాళ్ళు, పొరుగువాళ్ళ గుట్టు కావాలనేవాళ్ళు, ఈ పరిశోధన ఆపేయమనే బిల్డర్లు. ఆ గొంతు ఎవరిదో వాళ్ళు గానీ, వాళ్ళ తాలూకు మనుషులు గానీ ఎదుట లేకుండా ఏ ముక్కా చదవకూడదని నేనొక నియమం పెట్టుకున్నాను. అది ఎంతకాలం నిలుస్తుందో తెలియదు.

కానీ వాటన్నిటికంటే ముందు మేం ముగ్గురం నరసమ్మ పుట్టినూరికి వెళ్ళాం.

కంచిలి దాటాక జీడితోటల మధ్య ఊరు. నరసమ్మ మరదలు పున్నమ్మ ఇంటి ముందు జీడిపిక్కలు ఎండబోసి ఉన్నాయి. చనిపోయినవాళ్ళలో మరో ఇద్దరిది కూడా అదే ఊరు కావడంతో, విషయం తెలిసి పాతికమంది దాకా చేరారు. నరసమ్మ వీధికి అవతలి పక్కనే ఆగిపోయింది. ఎంత పిలిచినా ఇవతలికి రాలేదు.

రెండొందల ఎపిసోడ్లు తడుముకోకుండా మాట్లాడిన మనిషికి ఆ రోజు మాట పెగల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“కర్రలు తీయమన్నది నేను” అన్నారు చివరికి. “అప్పన్న తొమ్మిది రోజులే అయింది అని కూడా అన్నాడు. ఏం కాదు తీయించు అన్నాను. కోర్టులో అతని మీద పెట్టాను. మీవాళ్ళ చావుకి కారణం అప్పన్న కాదు. నేను.”

వెనకనించి ఒక ముసలాయన అడిగాడు: “అబద్ధమని తెలిసే సెప్పినావా?”

“ఆ రోజు తెలుసో లేదో ఇప్పుడు చెప్పలేనయ్యా. తెలుసుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ ప్రయత్నం చెయ్యలేదు. తెలిసి చెప్పినట్టే అనుకోండి.”

ఒకతను చెప్పు తీసి ముందుకొచ్చాడు. పక్కవాళ్ళు పట్టుకున్నారు. గౌరీశంకర్‌గారు కదల్లేదు.

పున్నమ్మ అంతసేపూ గుమ్మంలోనే ఉంది. జీడి రసానికి నల్లబడిన చేతులు చీరకి తుడుచుకుంటూ మెట్టు దిగింది. ఆయన్ని కొడుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆయన ముందునించే నడిచింది కానీ ఆయనవైపు చూడలేదు. వీధి దాటి నరసమ్మ ఎదుట నిలబడింది.

“ఎండలో నిలబడ్డావేటి వదినా. లోపలికి రా.”

నరసమ్మ కాళ్ళు కదలనట్టు అక్కడే ఉండిపోయింది. పున్నమ్మ ఆమె రెక్క పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా గుమ్మం దాకా వచ్చారు. గడప ముందు నరసమ్మ ఆగి అంది:

“కాళ్ళు కడుక్కుంటాను. కాసిన్ని నీళ్ళు తే.”

పున్నమ్మ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నరసమ్మ అందుకోబోతే ఇవ్వలేదు. తనే వంగి, మడమల నుంచి వేళ్ళ దాకా, నెమ్మదిగా పోసింది.